‘ఓన్లీ’ – ఏవకారం

తెలుగువాడు ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ‘ఓన్లీ’ అనే మాటను వాక్యం చివర తగిలిస్తాడని ఒక అపఖ్యాతి ఉన్నది. “హీ ఈజ్ లైక్ దట్ ఓన్లీ”, “ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ దేర్ ఓన్లీ”, “టుమారో ఓన్లీ హీ విల్ కమ్” – ఇటువంటి వాక్యాలు వింటే కాన్వెంటు చదువులు చదివినవారికి నవ్వు ఆగదు. హాస్యపాత్ర నోట ఈ ‘ఓన్లీ’ ఒక్కటి పడితే చాలు, ప్రేక్షకులు గొల్లుమంటారు. ఇంటర్వ్యూలకు పోయే కుర్రవాళ్ళకు ఇంగ్లీషు నేర్పేవారు మానవలసిన తప్పులలో దీనిని ముందుగా చెప్పుతారు. పాపం, ఆ కుర్రవాడు ఆనాటినుండి నోరు విప్పినప్పుడల్లా వాక్యం చివర ఏ పాము పొంచి ఉన్నదో అన్నట్లు తడబడుతూ ఉంటాడు.

నవ్వేవారిని “ఎందుకు తప్పు?” అని అడిగితే మాత్రం సరియైన సమాధానం రాదు. “ఇంగ్లీషువాడు అలా అనడు” అంటారు. అది నిజమే. అయితే ఇంగ్లీషువాడు ఎందుకు అనడు, తెలుగువాడు ఎందుకు అంటాడు అనే రెండు ప్రశ్నలనూ విడివిడిగా విచారించినవారు తక్కువ. విచారించి చూస్తే ఈ వ్యవహారంలో అవివేకం తెలుగువాడిది కాదని తేలుతుంది. ఆ చిన్న మాటమీద ఇంగ్లీషు భాష మోపిన బరువులు అన్నిన్ని కావు. అన్ని బరువులు మోస్తున్న మాటమీద తెలుగువాడు తనది కూడ ఒకటి పెట్టినాడు.

‘ఓన్లీ’ పుట్టుకలో విశేషమేమీ లేదు. ప్రాచీనాంగ్లంలో ‘ఆన్’ అంటే ఒకటి. ‘లిచ్’ అంటే రూపం, పోలిక. రెండూ కలిసి ‘ఆన్‌లిచ్’ – ఒక్కటివంటిది, ఏకమైనది. తరువాతి శతాబ్దాలలో ఒకటి అనే మాట ఉచ్చారణ మారి ‘వన్’ అయినది గాని, ‘ఓన్లీ’, ‘అలోన్’ అనే మాటలలో దాని పాత ధ్వని చెక్కుచెదరక నిలిచినది. ‘అలోన్’ అంటే ‘ఆల్ వన్’, అంతా ఒక్కటే అని. దాని తల తీసివేస్తే ‘లోన్’ అయినది. దానికి తోక తగిలిస్తే ‘లోన్లీ’ అయినది. తెలుగులో కూడ ఒంటరితనం, ఒక్కడు, ఒక్కగానొక్క కొడుకు అన్నీ ఒకటి అనే సంఖ్యచుట్టూ తిరిగేవే. ఇంతవరకు రెండు భాషలదీ ఒకే దారి.

దారులు చీలేది ఆ తరువాత. ‘ఓన్లీ’ విశేషణంగా ఉన్నంతకాలం దాని అర్థం స్పష్టం. ‘ఓన్లీ సన్’ అంటే ఏకపుత్రుడు. అది క్రియావిశేషణమైన క్షణంనుండి దాని రూపం మారకపోయినా పని మారిపోయినది. “ఇట్ ఈజ్ ఓన్లీ ఫైవ్” అంటే ఇంకా అయిదే అయినది, తొందరలేదు అని. “హీ కేమ్ ఓన్లీ ఎట్ ఫైవ్” అంటే అయిదింటికి గాని రాలేదు, ఆలస్యం చేశాడు అని. మొదటి వాక్యంలో పొద్దు చాలా ఉన్నది, రెండవదానిలో పొద్దుపోయినది. మాట ఒక్కటే. “హీ ఈజ్ ఓన్లీ ఎ క్లార్క్” అంటే వట్టి గుమాస్తా, ఆయన మాటకు విలువ ఏమిటి అని తీసివేయడం. “ఓన్లీ ఎ మదర్ కెన్ అండర్‌స్టాండ్” అంటే అది తల్లికే తెలుస్తుంది, ఇతరులకు అందదు అని పైకెత్తడం. గుమాస్తాను తగ్గించిన మాటే తల్లిని హెచ్చించినది.

అంతటితో ఆగితే బాగానే ఉండును. “ఓన్లీ టూ గ్లాడ్” అన్నప్పుడు అది కొంచెం అన్న అర్థాన్ని పూర్తిగా విడిచి, ఎంతో సంతోషం అని చెప్పుతుంది. “ఇఫ్ ఓన్లీ హీ వర్ హియర్” అంటే “అతడే ఉంటేనా!” అనే నిట్టూర్పు. “ఐ వుడ్ కమ్, ఓన్లీ ఐ హావ్ ఎ ఫీవర్” అన్నచోట అది ‘గాని’ అనే సముచ్చయం: “వచ్చేవాడినే గాని, జ్వరంగా ఉన్నది.” అన్నిటికంటె చిత్రమైనది మరొకటి: “హీ వోక్ అప్ ఓన్లీ టు ఫైండ్ ది హౌస్ ఆన్ ఫైర్.” లేచి చూసేసరికి ఇల్లు అంటుకొని ఉన్నది అని దీని భావం. నిఘంటువు చేతబట్టుకొని యాంత్రికంగా అనువదించేవాడు దీనిని “ఇల్లు తగలబడుతున్నదని తెలుసుకోవడానికి మాత్రమే అతడు మేల్కొన్నాడు” అని వ్రాస్తాడు. ఇల్లు కాలుతూ ఉంటే ఆ పెద్దమనిషి వేరే పనులేవీ పెట్టుకోకుండా ఇదొక్కటి తెలుసుకొని మళ్ళీ పడుకున్నాడు కాబోలు అని చదివేవాడు అనుకోవలసి వస్తుంది.

అర్థాలు ఇన్ని ఉండగా, స్థానం గొడవ ఒకటి వీటికి తోడు. “ఐ ఓన్లీ డ్రింక్ కాఫీ ఇన్ ది మార్నింగ్” అని కాగితంమీద వ్రాసి చూడండి. పొద్దుట నేను కాఫీయే తాగుతాను, టీ ముట్టను అనా? కాఫీ పొద్దుటే తాగుతాను, సాయంకాలం తాగను అనా? నోటితో చెప్పేటప్పుడు ఇంగ్లీషువాడు కాఫీమీదనో, మార్నింగుమీదనో స్వరం ఎత్తి బ్రతికిపోతాడు. కాగితానికి స్వరం లేదు. తరువాతికాలంలో లండను బిషప్పు అయిన రాబర్ట్ లౌత్ 1762లో ప్రకటించిన వ్యాకరణంలో, ఇటువంటి అవ్యయం ఏ మాటను నియమిస్తున్నదో ఆ మాటను అంటిపెట్టుకొని ఉండడమే యుక్తమని చెప్పినాడు. అప్పటినుండి బడిపంతుళ్ళు పిల్లల వ్యాసాలలో ‘ఓన్లీ’ని పట్టుకొని ఒకచోటినుండి మరొకచోటికి ఈడ్చడం ఒక వృత్తిగా పెట్టుకున్నారు. 1926లో ఫౌలర్ తన ప్రయోగనిఘంటువులో ఈ పంతుళ్ళమీద ధ్వజమెత్తినాడు. అర్థం చెడనప్పుడు క్రియకు ముందు నిలవడమే ‘ఓన్లీ’కి సహజమనీ, ఇంగ్లీషు నుడికారాన్ని గణితసూత్రంగా మార్చాలని చూడడం పాండిత్యప్రకర్షే గాని భాషాసేవ కాదనీ ఆయన వాదం. ఫౌలర్ పక్షమే న్యాయమైనది. అయినా శాసనాలు వ్రాసేవారు, ఒడంబడికలు వ్రాసేవారు నేటికీ లౌత్ పక్షంలోనే ఉంటారు. వారి కాగితాలు చదివేవాడు అర్థం చేసుకోవడానికి గాక, తప్పు పట్టడానికి చదువుతాడు గదా!

ఈ చిక్కు ఇంగ్లీషుకు మాత్రం పరిమితం కాదు. స్పానిషులో ‘సోలో’ అనే మాట ఒంటరిగా అనీ, మాత్రమే అనీ రెండర్థాలు చెప్పుతుంది. భేదం తెలియడానికి రెండవదానిమీద స్వరచిహ్నం వ్రాసే అలవాటు ఉండేది. అక్కడి రాయల్ భాషాపీఠం 2010లో ఆ చిహ్నం అనవసరమన్నది. రచయితలు తిరగబడ్డారు. 2023లో పీఠం కొంత మెత్తబడి, సందిగ్ధత ఉన్నదని వ్రాసేవాడికి తోస్తే పెట్టుకోవచ్చునన్నది. ఒక చిన్న గీతకోసం పండితులు పదమూడేళ్ళు పోట్లాడినారంటే విషయం సామాన్యమైనది కాదని తెలుస్తుంది.

తెలుగులో ఈ తగవు పుట్టడానికే చోటు లేదు. అవధారణార్థకమని వ్యాకరణాలు చెప్పే ‘ఏ’ కారం విడిగా నిలిచే మాట కాదు. ఏ పదాన్ని నియమించాలో ఆ పదం చివర అతుక్కొని ఉంటుంది. రాముడు నిన్న సీతకు పుస్తకం ఇచ్చాడు. రాముడే ఇచ్చాడు, నిన్ననే ఇచ్చాడు, సీతకే ఇచ్చాడు, పుస్తకమే ఇచ్చాడు. లౌత్ కోరిన సామీప్యం ఇంతకంటె ఏమి కావాలి? క్రియ దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త పడాలి. “ఇచ్చాడే!” అంటే ఆశ్చర్యమో, ఆక్షేపణో అవుతుంది. అందుకే అక్కడ తెలుగు మరొక ఎత్తు ఎత్తినది: “ఇవ్వనే ఇచ్చాడు.” క్రియను రెండుగా చేసి, మొదటిదానికి ‘ఏ’ తగిలించి, రెండవదానితో వాక్యం ముగించడం. పల్లెటూరి ముసలమ్మ కూడ తడుముకోకుండా చేసే ఈ పనిని ఇంగ్లీషులో చెప్పాలంటే “హీ డిడ్ గివ్” అని సహాయక్రియను అరువు తెచ్చుకోవాలి.

‘ఏ’ కారంతో తీరని చోట తెలుగు వ్యతిరేకక్రియను ఆశ్రయిస్తుంది. “అయిదింటికి గాని రాలేదు”, “నీవు తప్ప దిక్కులేదు.” ఇది తెలుగుకే ప్రత్యేకం కాదు. ఫ్రెంచివారు ‘న’, ‘క’ అనే రెండు ముక్కల నడుమ క్రియను ఇరికించి ఇదే పని చేస్తారు. జర్మనులో మాత్రమే అనే అర్థం గల ‘నూర్’ పూర్వం “కాకపోయినట్లయితే” అనే రెండు మాటల సమాసం. ఇంగ్లీషులోనే ‘బట్’ అనే మాట తప్ప అనే అర్థంనుండి మాత్రమే అనే అర్థానికి వచ్చినది. ఒకదానిని నిలబెట్టడమంటే మిగిలినవాటిని తోసివేయడమేనని ఈ భాషలన్నీ వేరువేరుగా కనుగొన్నవి.

అయితే నిలబెట్టడంలో తోసివేయబడేది ఏది? ఎప్పుడూ ఒకటేనా? ఈ ప్రశ్నను భారతదేశంలో తార్కికులు చాలాకాలం క్రిందటే వేసుకున్నారు. సంస్కృతంలో ‘ఏవ’ అనే అవ్యయం తెలుగు ‘ఏ’ కారం చేసే పనే చేస్తుంది. 7వ శతాబ్దంలో బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఈ ఏవకారం మూడు విధాలుగా వ్యావర్తనం చేస్తుందని వివరించినాడు. తరువాతి నైయాయికులు కూడ ఆ విభాగాన్ని కైకొని మెరుగుపెట్టినారు. పేర్లు వినడానికి బరువుగా ఉంటవి: అయోగవ్యవచ్ఛేదం, అన్యయోగవ్యవచ్ఛేదం, అత్యంతాయోగవ్యవచ్ఛేదం. భావం తేలిక. “చైత్రుడు విలుకాడే” అంటే చైత్రుడికి విలువిద్య లేదేమో అనే సందేహాన్ని తోసివేయడం. ఇతరులు విలుకాండ్రా కాదా అన్న ప్రసక్తే అందులో లేదు. “అర్జునుడే విలుకాడు” అంటే ఇతరులను తోసివేయడం. ఆయనకు సాటి మరొకడు లేడని. “తామరపువ్వు నీలంగా ఉండనే ఉంటుంది” అంటే అన్ని తామరలూ నీలమనీ కాదు, తామరలు మాత్రమే నీలమనీ కాదు; అసలు నీలతామర ఉండదు అనే మాటను తోసివేయడం. ఏవకారం విధేయం దగ్గర ఉంటే మొదటిది, ఉద్దేశ్యం దగ్గర ఉంటే రెండవది, క్రియ దగ్గర ఉంటే మూడవది. లౌత్, ఫౌలర్ తగవుపడిన స్థానవిచారం ఇక్కడ వెయ్యేళ్ళకు ముందే అర్థవిచారంతో ముడివడి ఉన్నది.

ఇప్పుడు “హీ ఈజ్ లైక్ దట్ ఓన్లీ” దగ్గరకు వస్తే గుట్టు విడిపోతుంది. ప్రామాణికమైన ఇంగ్లీషు ‘ఓన్లీ’ ఇటువంటి వాక్యాలలో ఈ మూడింటిలో రెండవది ఒక్కటే చేస్తుంది: ఇతరులను తోసివేస్తుంది. తెలుగు ‘ఏ’ మూడూ చేస్తుంది. “వాడు అటువంటివాడే” అనే వాక్యంలోని ‘ఏ’ మొదటి రకం. వాడు అటువంటివాడు కాడేమో అనే శంకను అది తీరుస్తున్నది. దానికి ఇంగ్లీషులో సమానమైన చిన్న మాట లేదు. స్వరం ఎత్తాలి, లేదా ‘జస్ట్’ అనో, ‘వెరీ’ అనో, ‘రైట్’ అనో సందర్భాన్నిబట్టి వేరువేరు మాటలు వెతుక్కోవాలి. ఇక్కడే అనడానికి ‘రైట్ హియర్’, ఈ రోజే అనడానికి ‘దిస్ వెరీ డే’, అతడే స్వయంగా అనడానికి ‘హిమ్‌సెల్ఫ్’. ఇన్ని మాటలు వెతుక్కోలేక తెలుగువాడు ‘ఓన్లీ’ ఒక్కదానినే అన్నిచోట్లా వాడినాడు. తమిళుడు తన ‘తాన్’కు, హిందీవాడు తన ‘హీ’కి, మరాఠీవాడు తన ‘చ’కు బదులుగా అదే మాటను అదే విధంగా వాడుతున్నారు. ఇన్ని కోట్లమంది ఒకరినొకరు అడగకుండా ఒకే తప్పు చేస్తున్నారంటే దానిని తప్పు అనడంకంటె అవసరం అనడం మేలు. భారతీయుల ఇంగ్లీషును పరిశీలించే భాషాశాస్త్రజ్ఞులు ఈ ‘ఓన్లీ’ని ప్రత్యేక ప్రయోగంగా గుర్తించి వ్యాసాలు వ్రాయడం కూడ జరిగినది. నవ్వేవారికి ఆ సంగతి ఇంకా చేరినట్లు లేదు.

ఇంత చెప్పినందువల్ల విద్యార్థులందరూ నిర్భయంగా వాక్యం చివర ‘ఓన్లీ’ తగిలించవచ్చునని కాదు. “ది డాక్టర్ విల్ సీ యూ టుమారో ఓన్లీ” అని ఆసుపత్రి గుమ్మంలో గుమాస్తా చెప్పితే, తెలుగువాడికి డాక్టరుగారు రేపటికి గాని చూడరు అని తెలుస్తుంది. పరదేశి మాత్రం రేపు ఒక్కరోజే చూస్తారు, తప్పితే మరి చూడరు అని అర్థం చేసుకొని కంగారుపడతాడు. రోగి విషయంలో ఈ భేదం చిన్నది కాదు. ఎదుటివాడు ఈ దేశపు నుడికారం ఎరగనివాడైనప్పుడు ఈ ప్రయోగాన్ని మానడం మర్యాద. విశాఖపట్టణంవాడు మధురవాడితో మాట్లాడుతున్నప్పుడు మానవలసిన అగత్యమేమీ లేదు. ఇద్దరికీ అర్థమవుతున్నది, ఇద్దరి భాషలకూ అది సహజం. సిగ్గుపడి మానడం వేరు, ఎదుటివాడి సౌకర్యం చూచి మానడం వేరు. బడులలో నేర్పుతున్నది మొదటిది.

ఇంగ్లీషులో తెలుగు ‘ఏ’ చొరబడినందుకు ఇంత నవ్వేవారు, తెలుగులో ఇంగ్లీషు ‘ఓన్లీ’ చొరబడినందుకు ఏమాత్రం నవ్వరు. నవ్వకపోగా అదే నాగరికమైన తెలుగు అనుకుంటున్నారు. ఆ చొరబడినది ‘మాత్రమే’ అనే వేషంలో వచ్చినది. ‘మాత్రమే’ తెలుగుమాట కాదని ఎవరూ అనరు. మాత్రం అంటే ప్రమాణం, అంత; దానికి మళ్ళీ ‘ఏ’ కారమే చేర్చితే ‘మాత్రమే’. ఆ ‘ఏ’ తీసివేసి “నాకు మాత్రం తెలియదు” అంటే నా సంగతి చెప్పుతున్నాను అనే మరొక అర్థం వస్తుంది. ఇతరులను నిశ్చయంగా తోసివేయవలసినచోట ‘మాత్రమే’ కావలసిన మాటే. బస్సులో “స్త్రీలకు మాత్రమే” అని వ్రాసిన బోర్డు సరియైన తెలుగే. “స్త్రీలకే” అని వ్రాస్తే అది ఆజ్ఞగా గాక ఎవరో అంటున్న మాటగా వినిపిస్తుంది. 

చిక్కల్లా ‘ఓన్లీ’ కనబడిన ప్రతిచోటా ‘మాత్రమే’ అని వ్రాయడంలో ఉన్నది. “సభకు పదిమందే వచ్చారు” అనవలసినచోట “కేవలం పదిమంది మాత్రమే హాజరైనారు” అని వార్తలు వస్తున్నవి. ‘కేవలం’ ఒకటి, ‘మాత్ర’ ఒకటి, చివర ‘ఏ’ ఒకటి. ఆ పదిమందికి ముగ్గురు కావలివాళ్ళు. “అప్పుడు గాని తెలియలేదు” పోయి “అప్పుడు మాత్రమే తెలిసినది” వచ్చినది. “నిన్నగాక మొన్న వచ్చాడు” పోయి “ఇటీవల మాత్రమే వచ్చాడు” వచ్చినది. “అంతేకాదు” అనే పొంకమైన మాట పోయి “అది మాత్రమే కాకుండా” అనే పొడుగుమాట వచ్చినది. వీటిలో ఒక్కటీ వ్యాకరణదోషం కాదు. అందుకే ప్రమాదం. దోషమైతే ఎవరైనా దిద్దుదురు. దోషం కాని పరాయితనం కాగితంనుండి నాలుకమీదికి ప్రాకుతుంది. ‘గాని’, ‘తప్ప’, ‘వట్టి’, ‘ఉండనే ఉన్నది’ – వీటి నోళ్ళు ఒక్కొక్కటిగా మూతపడతవి.

డబ్బు లెక్కలలో కూడ ఇదే జరిగినది. చెక్కుమీద మొత్తాన్ని మాటలలో వ్రాసి చివర ‘ఓన్లీ’ అని వ్రాయడానికి ప్రయోజనం ఉన్నది. ఆ తరువాత ఎవరూ మరొక మాట చేర్చి మొత్తం పెంచకుండా అది అడ్డుగోడ. తెలుగు దస్తావేజులలో ఈ పనికి ‘అక్షరాల’ అనే మాట ఉన్నది: అక్షరాల నూరు రూపాయలు. అంకెను దిద్దవచ్చును గాని అక్షరాన్ని దిద్దడం కష్టమనే మెలకువ ఆ మాటలోనే ఉన్నది. గోడ చివర కట్టడం ఒక పద్ధతి, గుమ్మంలో కావలి పెట్టడం మరొక పద్ధతి. నేడు రెండూ కలిపి “అక్షరాల నూరు రూపాయలు మాత్రమే” అంటున్నారు. ధనం విషయంలో జాగ్రత్త ఎక్కువైనా తప్పులేదు కనుక దీనిని క్షమించవచ్చును. దుకాణంవాడు తొంభైతొమ్మిది రూపాయలు ‘మాత్రమే’ అని వ్రాయడం వేరు సంగతి. అతడు అడ్డుగోడ కట్టడం లేదు, ధర తక్కువని నమ్మిస్తున్నాడు. గుమాస్తాను తగ్గించిన ‘ఓన్లీ’ ఇదే.

ఇదంతా నుడికారం ముచ్చట, ఎవరి బ్రతుకూ దీనిమీద ఆధారపడి లేదు అనేవారు ఉంటారు. ఆధారపడిన సందర్భం ఒకటి ఉన్నది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగంలో 15వ అధికరణం మొదటి ఖండం, మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అనే కారణాలమీద రాజ్యం పౌరులపట్ల వివక్ష చూపరాదని శాసిస్తున్నది. ఇంగ్లీషుమూలంలో కారణాలు అనే మాటకు వెనువెంటనే ‘ఓన్లీ’ ఉన్నది. 16వ అధికరణంలో ఉద్యోగాలను గూర్చిన ఖండంలో కూడ ఉన్నది. లౌత్ చూస్తే మెచ్చుకొనేటంత సరిగా, నియమించవలసిన మాట ప్రక్కనే ఉన్నది. స్థానం సరిగా ఉంటే సందేహం ఉండదని గదా వ్యాకర్తల హామీ?

1981లో ఎయిర్ ఇండియా, నర్గేష్ మీర్జా వ్యాజ్యం సుప్రీంకోర్టులో తేలినది. విమానంలో పరిచర్య చేసే స్త్రీలు ముప్పైఅయిదేళ్ళకు గాని, ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలోపల పెళ్ళాడితే అప్పుడు గాని, తొలిసారి గర్భవతులైనప్పుడు గాని, ఏది ముందైతే అప్పుడు ఉద్యోగం విడవాలని నిబంధన. ఆ విమానాలలోనే పనిచేసే మగ పర్సర్లకు యాభైఎనిమిదేళ్ళవరకు కొలువు ఉన్నది. గర్భవతులను తొలగించే నిబంధనను కోర్టు తీవ్రంగా గర్హించి కొట్టివేసినది. కాని వివాహనిబంధన నిలిచినది. రాజ్యాంగం నిషేధించినది లింగం ఒక్కటే కారణమైన వివక్షను. లింగంతోపాటు ఇతర కారణాలు కూడ చేరితే అది నిషేధం కిందికి రాదు అని కోర్టు అన్నది. స్త్రీల నియామకపద్ధతి, జీతం, హోదా, పైమెట్లు అన్నీ వేరు గనుక, వారిది వేరు తరగతి గనుక, భేదానికి కారణం లింగం ఒక్కటే కాదని తీర్మానం. ఆ తరగతిలోకి స్త్రీలనే తీసుకుంటారన్న మాట ఈ తర్కంలో ఎక్కడో జారిపోయినది.

ఇక్కడ ఆ ఇంగ్లీషుమాటలోని దారిద్ర్యం బయటపడుతుంది. కారణం విషయంలో ‘ఓన్లీ’కి రెండర్థాలు ఉన్నవి. తెలుగులో ఆ రెండూ వేరువేరుగా వినిపిస్తవి. “స్త్రీ కావడం మాత్రమే కారణంగా ఆమెను తీసివేశారు” అంటే మరే కారణమూ లేదని. “స్త్రీ అయినందువల్లనే ఆమెను తీసివేశారు” అంటే ఇతర కారణాలు ఉంటే ఉండనీ, స్త్రీ కాకపోతే మాత్రం తీసివేయకపోదురు అని. మొదటిది అన్యయోగవ్యవచ్ఛేదం, రెండవది దాదాపు అయోగవ్యవచ్ఛేదం. మొదటి అర్థం తీసుకుంటే, వివక్ష చూపదలచినవాడికి మార్గం సులభం: లింగానికి తోడు మరొక కారణం వెతికి ప్రక్కన నిలబెడితే సరి. లోకంలో ఒంటరిగా తిరిగే కారణం ఎక్కడ ఉన్నది? కులం ప్రక్కన పేదరికమో, స్త్రీత్వం ప్రక్కన సంసారమో ఎప్పుడూ ఉండనే ఉంటుంది. రెండవ అర్థం తీసుకుంటే ఆ మార్గం మూసుకుపోతుంది.

2018లో నవ్‌తేజ్ సింగ్ జోహర్ వ్యాజ్యంలో తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో ఒకరైన జస్టిస్ చంద్రచూడ్, ఇటువంటి అక్షరార్థవ్యాఖ్యానం వివక్షను నిషేధించే హామీలోని సారాన్నే హరిస్తుందని వ్రాసి, 1981 నాటి తర్కాన్ని విమర్శించినారు. స్త్రీలను గూర్చి సంఘంలో పాతుకున్న ఊహలు లింగంనుండి విడదీయరానివని ఆయన వాదం. అది న్యాయశాస్త్రరీత్యా చెప్పిన మాట. ఏవకారవిచారం తెలిసిన పాతకాలపు తర్కపండితుడు ఎవరైనా ఆ బల్లముందు నిలబడి ఉంటే, ఈ ‘ఓన్లీ’ మూడింటిలో ఏది అని మొదట అడిగి ఉండును.

ఇంగ్లీషులో చదివేవారికి ఒక వెసులుబాటు ఉన్నది: ఆ మాటను ఆ మాటగానే ఉంచి, ఒకరు ఒక విధంగా, మరొకరు మరొక విధంగా వ్యాఖ్యానించుకోవచ్చును. ఆ అధికరణాన్ని తెలుగువాడికి అర్థమయ్యేటట్లు తెలుగులో చెప్పదలచినవాడికి ఆ సౌకర్యం లేదు. ‘కారణంగా మాత్రమే’ అని వ్రాయాలి, లేదా ‘కారణంగానే’ అని వ్రాయాలి. ఎయిర్ ఇండియా వ్యాజ్యంలో ఆ స్త్రీలు ఓడిపోయినది మొదటిదానిలో. గెలవగలిగి ఉండినది రెండవదానిలో.